రెండు గదుల మాణిక్యం

పొద్దున్నే ల్యాబుకి రాగానే ఇందుమతి చేసే మొదటి పని, అక్క పేరు అడగడం. నిజానికి అడిగేది వాకిలి అనే ప్రోగ్రాము, చెప్పేవి అక్క జ్ఞాపకాలున్న మూడు పెట్టెలు. అయినా తెర మీద "మాణిక్యం" అన్న పేరు మూడుసార్లు పడి, మూడు పచ్చ దీపాలు వెలిగితే గానీ ఇందుమతికి కాఫీ గొంతు దిగేది కాదు. ఒక్కోరోజు పేరుతోపాటు విసుగు కూడా వచ్చేది: "మాణిక్యం. రోజుకో పేరు పెట్టుకుంటారా ఎవరైనా?" ఆ విసుగు చూసి ఇందుమతి ముసిముసిగా నవ్వుకునేది. మనిషి మారలేదు, అంతే చాలు అనుకునేది.

రెండేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి, మాణిక్యం బుర్రలో కొత్త సంగతులు నిలిచే చోటంతా ఊడ్చిపెట్టేసింది. పాతవీ సగం పోయాయి. కడియంలో పేరున్న మొక్కల తోట ఆమెది. గులాబీకి అంటు కట్టడంలో ఆమెను మించిన చెయ్యి ఆ కాలవ పొడుగునా లేదనేవారు. అలాంటి మనిషి అంటు కత్తి చేత్తో పట్టుకుని, "ఇది దేనికే?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే రాజమండ్రిలో డాక్టర్ షమీమ్ నడిపే ల్యాబులో ఒక కొత్త పని మొదలైంది. మనిషి జ్ఞాపకాలను పెట్టెల్లో దాచి, చెవి వెనక చింతగింజంత పరికరం అమర్చి, కావలసినప్పుడల్లా అక్కడినుంచి అందించడం. ఆ పరికరం పెట్టించుకున్న మొదటి మనిషి మాణిక్యం.

ఒకే పెట్టె ఉండి అది చెడిపోతే పుట్టి మునిగినట్టే. అందుకని మూడు పెట్టారు. ఒకటి ల్యాబులో, ఒకటి కడియంలో ఇంట్లో, ఒకటి తోటలోని షెడ్డులో. జ్ఞాపకం రావడం కాస్త ఆలస్యమైతే మాట తడబడుతుంది కాబట్టి ఏ పెట్టె దగ్గరుంటే దాన్నుంచే అందాలి. ల్యాబువాళ్ళు వాటిని గదులు అనేవారు. కొత్త సంగతి ఏదైనా ముందు ఒక్క గదిలోనే రాయాలి. అది పెద్ద గది. మిగతా రెండూ చిన్న గదులు, పెద్దదాన్ని చూసి రాసుకుంటాయి. పెద్దది పడిపోతే చిన్నవాటిలో ఒకటి పెద్దదవుతుంది. ఏ ప్రశ్నను ఏ గదికి పంపాలో, ఏది బతికుందో ఏది లేదో చూసుకునే ప్రోగ్రాముని కంప్యూటర్లవాళ్ళు ప్రాక్సీ అంటారు. ఇక్కడ అందరికీ అది వాకిలి. దాన్ని కాసే పని ఇందుమతిది. ఇదివరకు ఆమె ఒక బ్యాంకులో అచ్చంగా ఇదే పని చేసింది. అక్కడ తప్పు జరిగితే ఖాతాదారు కేకలేసేవాడు, అంతే తేడా.

వాకిలికి మొదట్లో ఒక నియమం ఉండేది. ఏ గదికైనా మిగతా రెండూ కనబడకపోతే, తను ఒంటరినని తెలుసుకుని తలుపు వేసుకోవాలి. ఒకసారి కరెంటు పోయినప్పుడు అలాగే ఒక గది మూసుకుంది. మాణిక్యం నర్సరీల రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వెనక లారీ హారన్ కొడుతున్నా తనెవరో, ఎటు పోవాలో తెలియక చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ సంగతి విన్న పూటే ఇందుమతి తెర ముందు కూర్చుంది. నియమాన్ని తీసేసింది. బతికున్న గది ఏదైనా సరే పనిచేస్తూనే ఉండాలి, అక్క మళ్ళీ అలా నిలబడకూడదు. బ్యాంకులో అయితే ఆ పని చచ్చినా చేసేది కాదు. అక్కడ ఆమెకి అక్క లేదు.

తుఫాను వచ్చి వెళ్ళిన నెలన్నరకి గానీ ఇందుమతికి కడియం వెళ్ళడం కుదరలేదు. గాలికి గదుల మధ్య తీగలు తెగిపోయాయి, తర్వాత బాగుచేశారు. తీగలు తెగిన రోజుల్లో కూడా ఫోను సిగ్నల్ సన్నగా అందుతూనే ఉండేది. పేరు అడిగి, పేరు చెప్పించుకోడానికి అది సరిపోయింది. పచ్చ దీపం ఒక్కటీ ఆరలేదు.

ఆమె తోటలో అడుగు పెట్టేసరికి మాణిక్యం పీట వేసుకుని నాటు గులాబీ కుండీల మధ్య కూర్చుని ఉంది. కాండం మీద కత్తితో చిన్న గాటు పెట్టి, మంచి రకం నుంచి కోసిన మొలకెత్తే కన్నుని అందులోకి జార్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి, చివర కిందికి తిప్పి ముడి బిగించి, మిగిలిన కొసని పంటితో కొరికి తెంపింది. ఆ ముడి ఆమెదే. తక్కినవాళ్ళు పైకి వేస్తారు. కిందికి వేస్తే వాననీరు నిలవదని మాణిక్యం పట్టుదల.

ఇందుమతి చేతిలో సంచీ జారిపోయింది. "అక్కా! నీకు వచ్చేసిందా?"

"రాక ఎక్కడికి పోద్దే? మొదట్లో వేళ్ళు తెగ్గోసుకున్నాననుకో. అదిగో, ఆ వరస మొత్తం ఎండిపోయింది. దాని పక్కది సగం పోయింది. ఇది చూడు, ఒక్కటి పోతే ఒట్టు." మాణిక్యం చీర దులుపుకుంటూ లేచింది. "వచ్చే ఏడు ఆ కాలవ పక్కన కూడా గులాబీలే పెట్టిత్తాను. మీ బావకి చెప్పు, లారీ ఖాళీ ఉంచుకోమని. నేను చెప్తే ఆయనకెక్కదు."

ఇందుమతి అక్కను గట్టిగా కావలించుకుంది. పోయిన జ్ఞాపకాలు అందించడం ఒక ఎత్తు. పోయిన పనితనాన్ని మనిషి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవడం డాక్టర్ షమీమ్ కూడా ఆశించని సంగతి.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి వచ్చారు. బావ వీర్రాజు మొక్కల లోడు లారీ నడుపుతాడు. ఆ వేళకి వచ్చేసి, టీ గ్లాసులు అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. మాణిక్యం వెళ్ళి అతని పక్కనే కూర్చుంది. ఇందుమతి ఉత్సాహం పట్టలేక, "అక్క కట్టిన అంట్లు చూశారా బావగారూ? ఒక్కటి కూడా పోలేదు!" అంది.

మాణిక్యం తెల్లబోయి చూసింది. "ఏ అంట్లే? నేను కత్తి పట్టి రెండేళ్ళు దాటింది. అసలు తోటలోకి ఎల్లి ఎన్నాళ్ళయిందో."

"ఇప్పుడే కదక్కా మనం అక్కణ్ణించి..."

"ఈ మధ్య పగలంతా నిద్దర ముంచుకొచ్చేత్తందే. పొద్దున్న తోట గేటు దాకా ఎల్తాను, మళ్ళీ మెలకువ వచ్చేసరికి సాయంత్రం." మాణిక్యం చేతులు తిప్పి చూసుకుంది. గోళ్ళ కింద నల్లటి మట్టి. "ఈ మట్టొకటి. ఎక్కడిదో, ఏంటో. రోజూ కడుక్కోడమే."

వీర్రాజు మెల్లిగా, "జబ్బు అలాంటిది కదా అని ఊరుకున్నానమ్మా," అన్నాడు.

అది జబ్బు కాదని ఇందుమతికి అప్పుడే అర్థమైంది. అక్కడే ఫోను తెరిచి గదులను వేరే ప్రశ్న అడిగింది: పెద్ద గది ఎవరు? నేనే అంది ఇంటి గది. నేనే అంది తోట గది. తుఫానులో ఒకదానికొకటి కనబడక, రెండోది పోయిందనుకుని, దేనికది పెద్దరికం తీసుకుంది. ఒంటరైతే తలుపు వేసుకోమనే నియమం లేదాయె. తీగలు బాగయ్యాక కూడా ఏదీ తగ్గలేదు. ల్యాబు గదైతే ఎవర్ని చూసి రాసుకోవాలో తెలియక తుఫాను రోజు దగ్గరే ఆగిపోయింది. నెలన్నరగా తోటలో గడిచిందంతా ఒక గదిలో, ఇంట్లో గడిచిందంతా ఇంకో గదిలో. పేరు అడిగితే మాత్రం మూడూ సరిగ్గానే చెప్పాయి. పేరు ఎప్పుడు మారింది గనక?

"రెండూ కలిపేస్తే?" అని అడిగింది ఇందుమతి మర్నాడు ల్యాబులో.

"చూద్దాం," అంది డాక్టర్ షమీమ్. ఆవిడ ఏదీ ముందే కాదనే మనిషి కాదు. మాణిక్యాన్ని పిలిపించి, తోట గది నుంచి జ్ఞాపకాలు అందేలా చేసి, చేతికి ఒక గులాబీ కుండీ, కత్తి ఇచ్చారు. ఆమె హాయిగా పని మొదలుపెట్టింది. అప్పుడు ఇంటి గదిలోంచి ఒకే ఒక్క సాయంత్రాన్ని తెచ్చి కలిపారు. మాణిక్యం చెయ్యి గాటు మధ్యలో ఆగిపోయింది. "ఇది నాకు రాదు కదా," అంది. అంతలోనే, "అదేంటి, వచ్చు," అంది. కత్తి కింద పడింది. తల రెండు చేతులా పట్టుకుని ఊగిపోయింది. షమీమ్ గబగబా ఆ సాయంత్రాన్ని తీసేసింది. ఆమె మామూలు మనిషై, కింద పడ్డ కత్తిని చూసి, "ఎవరు పారేశారే దీన్ని, మొన పోదూ?" అని కసిరింది.

పక్క గదిలోకి వెళ్ళాక షమీమ్ నెమ్మదిగా చెప్పింది. "ప్రతి జ్ఞాపకమూ తన కిందదాన్ని ఆనుకుని కూర్చుంటుంది ఇందుమతి గారూ. ఇంటి గదిలో అన్నిటి కిందా 'నాకు చేతకాదు' అనేది ఉంది. తోట గదిలో 'నాకు వచ్చేసింది' అనేది ఉంది. ఒకటే ఉంచాలి. రెండోది చెరిపేసి, ఉన్నదాన్ని చూసి రాసుకోమనాలి. ఆలస్యం చేసేకొద్దీ ఇద్దరూ ఇంకా దూరమవుతారు."

ఇద్దరూ అన్న మాట ఇందుమతికి గుచ్చుకుంది. "ఏది ఉంచాలో ఎవరు చెప్పాలి మేడమ్?"

"ఆవిడే. ఇద్దర్నీ అడగండి."

వీర్రాజు బయట బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. విని, తువ్వాలు భుజం మీంచి తీసి చేతుల్లో నలుపుతూ, "ఇంటిదాన్నే ఉంచమ్మా," అన్నాడు.

"ఎందుకు బావగారూ?"

"తోట కౌలుకి ఇచ్చేద్దామనుకున్నాను. తను చూసుకోలేదు, నాకా లారీతోనే సరిపోద్ది. తుఫాను వెళ్ళాక ఒకరోజు అరుగు మీద చెప్పాను. ఏడిసింది. నాలుగు రోజులు ఏడిసి, సరే ఇచ్చెయ్యండి అంది. ఆ తరవాత..." అతను తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "ఆ తరవాత నాతో కబుర్లు చెప్పడం మొదలెట్టింది. జబ్బుకి ముందు కూడా మేం అలా కూర్చున్నది లేదు. నేను లోడు మీద, తను తోటలో. ఇప్పుడు రోజూ సాయంత్రం నా కోసం చూత్తంది. తోటలో ఉన్నదానికి నేనంటే మంటే కదా."

ఇందుమతికి కోపం రావాల్సింది, జాలి వచ్చింది. ఆయన అబద్ధం ఏమీ ఆడలేదు. అడిగాడు, అక్క ఒప్పుకుంది. తన చేతులకు పని తిరిగి వచ్చిందని తెలియని అక్క ఒప్పుకుంది. ఆ తెలియకపోవడం మాత్రం ఇందుమతి తీసేసిన నియమం వల్లే జరిగింది.

ముందు తోటలోని మాణిక్యాన్ని అడిగింది. కౌలు సంగతి ఎత్తకుండా, గదుల సంగతి మటుకు చెప్పింది. మాణిక్యం కుండీల్లో కలుపు తీస్తూనే వింది.

"ఇంట్లో ఉన్నదానికి అంటు కట్టడం వచ్చా?"

"రాదు."

"మరింక అడగడం దేనికే?" అంది. తోటలోని మాణిక్యం అంతే, ముక్కుసూటి మనిషి.

ఇంట్లోని మాణిక్యం అలా తేల్చెయ్యలేదు. అంతా విని, "నాకోసారి చూపించు," అంది.

ఇంటి గదికే దారి ఉంచమని వాకిలికి చెప్పి, ఇందుమతి అక్కను తోటకి తీసుకెళ్ళింది. దగ్గరున్న గదిని కాదని దూరపు గది నుంచి అందుతున్నందువల్ల మాణిక్యం సొంత తోటలో చుట్టాలింటికి వచ్చినదానిలా ఆగి ఆగి నడిచింది. వరసలన్నీ చూసింది. ఒక కుండీ ఎత్తి, కట్టుని బొటనవేలితో తడిమింది. కిందికి తిప్పిన ముడి.

"ఇది నా ముడే," అంది. కుండీని అటూ ఇటూ తిప్పి, "బాగా కట్టింది," అంది.

"నువ్వే కట్టావక్కా."

"నేను కాదే. నాకు రాదు." కుండీని జాగ్రత్తగా కింద పెట్టింది. "రాదనుకునే కదా కౌలుకి సరేనన్నాను. వచ్చని తెలిత్తే అనేదాన్నా?"

ఇందుమతి తల అడ్డంగా ఊపింది.

"ఇంకేం మరి. దాన్ని ఉంచు. నన్ను తీసెయ్."

"అలా ఎలా అనేస్తున్నావక్కా?" ఇందుమతి ఏడ్చేసింది.

"ఏడవకే. పగలంతా నిద్దరపోతన్నానుగా, ఇకమీదట ఆ మెలకువ రాదు. అంతేగా?" మాణిక్యం చెల్లెలి కళ్ళు తన చెంగుతో తుడిచింది. "ఒక్కటి మటుకు చెప్పు దానికి. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చోమను. మంచోడే. ముందు మాట కలపడం చేతకాదు, అంతే. టీ ఆయనే పెడతారు, పంచదార ఎక్కువేత్తారు. ఏమీ అనొద్దని చెప్పు."

అని, పీట లాక్కుని కూర్చుని కత్తి తీసుకుంది. గాటు లోతుగా పడింది. కన్ను వంకరగా కూర్చుంది. పట్టీ రెండుసార్లు ఊడిపోయింది. కిందికి తిప్పబోతే ముడి పక్కకి పోయి మెలికపడింది. పంటితో కొరకబోతే కొస తెగలేదు. తన పని తనే చూసుకుని పకపకా నవ్వింది. "ఇది బతికేది కాదు. అయినా ఉండనీ ఇక్కడే."

ఆ మధ్యాహ్నమే ల్యాబులో ఇందుమతి ఇంటి గదిని చెరిపేసింది. ఒక ఆదేశం ఇస్తే అయిపోయే పని. బ్యాంకులో ఎన్నోసార్లు చేసిందే. చేశాక బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. షమీమ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. తెర మీద ఇంటి గది, ల్యాబు గది రెండూ తోట గదిని చూసి బుద్ధిగా రాసుకోసాగాయి.

కళ్ళు తుడుచుకుని ఇందుమతి పాత నియమాన్ని మళ్ళీ పెట్టింది. ఒంటరి గది తలుపు వేసుకోవాల్సిందే. కాకపోతే వేసుకునే ముందు ఆ మనిషికి ఒక్క మాట చెప్పాలి: "ఉన్నచోటే కూర్చో అక్కా, ఇందు వచ్చేస్తోంది." పేరు అడిగే ప్రశ్నని తీసేసి ఇంకో ప్రశ్న రాసింది.

మర్నాడు సెలవు పెట్టి తోటకి వెళ్ళింది. మాణిక్యం వరసలు సర్దుతూ ఒక కుండీ దగ్గర ఆగింది. "ఈ దిక్కుమాలిన కట్టు ఎవరిదే? నువ్వు గానీ కత్తి ముట్టుకున్నావా?" అంటూ తీసి పారెయ్యడానికి కత్తెర అందుకుంది.

"నువ్వే కట్టావక్కా," అంది ఇందుమతి.

ఇక దాచలేదు. కౌలు సంగతి, సరేననడం, అరుగు మీద సాయంత్రాలు, తీసెయ్యమనడం, టీలో పంచదార, ఒక్కటీ వదలకుండా చెప్పింది. మాణిక్యం మొహం కౌలు దగ్గర ఎర్రబడింది. ఆ తర్వాత ఏమైందో, తల ఎత్తలేదు. కత్తెర కొక్కేనికి తగిలించేసింది. మెలికపడ్డ ఆ ముడిని చూస్తూ, "ఎంత కష్టపడి కట్టిందో," అంది చాలా చిన్నగా.

ఆ సాయంత్రం మాణిక్యం ఆ కుండీ చంకనెత్తుకుని, వెనకే ఇందుమతి రాగా, ఇంటికి వచ్చింది. వీర్రాజు అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రెండో గ్లాసు తేలేదు. ఆమె కోసం చూడటం మానేసినట్టే ఉన్నాడు.

"నన్నడక్కుండా తోట ఇచ్చేద్దామనుకున్నారా?"

"అడిగాను మాణిక్యం. సరేనన్నావు."

"ఎవర్నడిగారు?"

మాణిక్యం కుండీని అరుగు మీద పెట్టి, దానికి ఇవతల కూర్చుంది. "ఇది అంటుకుంటదో లేదో చూద్దాం. అప్పటిదాకా కౌలు మాట ఎత్తకండి."

"అంటుకోపోతే?"

"అప్పుడూ ఎత్తకండి."

వీర్రాజు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ముడి చూశాడు. "అలాగే," అని లేచి లోపలికి వెళ్ళాడు. వంటింట్లో గిన్నె చప్పుడైంది. గుమ్మంలో నిలబడ్డ ఇందుమతి పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను రెండు గ్లాసులతో తిరిగి వచ్చాడు. మాణిక్యం ఒక గుక్క తాగింది, మొహం కాస్త చిట్లించింది, కొంగుతో పెదాలు ఒత్తుకుని గ్లాసు మళ్ళీ ఎత్తింది.

మర్నాడు పొద్దున్న ఇందుమతి ల్యాబుకి వచ్చి తెర ముందు కూర్చుంది. వాకిలి మూడు గదుల్నీ కొత్త ప్రశ్న అడిగింది: నిన్న సాయంత్రం ఏం చేశావు?

ల్యాబు గది చెప్పింది. తోట గది చెప్పింది. చెరిపి కొత్తగా రాసుకున్న ఇంటి గది ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ఇందుమతి తెర మీదికి వంగింది. అదీ చెప్పింది. మూడు జవాబులూ ఒక్కటే.

"ఆయన పక్కన కూర్చున్నాను. టీలో పంచదార ఎక్కువైంది. ఏమీ అనలేదు."